సోనా బోటులో సామాను దొరికేలా సర్దడం: ఒక కేస్ స్టడీ

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో మరబోట్ల ఇంజన్ పనులు చూస్తుంటాను. అంతకుముందు కొన్నేళ్ళు సరుకు ఓడల్లో ఇంజనీరుగా చేశాను. అక్కడ స్పేర్లకి ప్రత్యేకంగా ఒక గది, ప్రతి అరకీ ఒక నంబరు, ఏ వస్తువు ఎన్ని మిగిలాయో కంప్యూటర్లో లెక్క, అన్నీ ఉంటాయి. మన బోట్లలో ఇవేవీ ఉండవు. బోటే చిన్నది, సామాను ఎక్కడికి పోతుందిలే అనుకుంటారు. నేను చూసినంతలో చిన్న బోటులోనే వస్తువు దొరకడం ఎక్కువ కష్టం, ఎందుకంటే అక్కడ ప్రతి వస్తువు మీదా ఇంకో వస్తువు ఉంటుంది, కింద ఉన్నది కావాలంటే పైనున్నవన్నీ తీయాలి, అదీ ఊగుతున్న బోటులో, తడి చేతులతో, టార్చిలైటు నోట్లో పట్టుకుని.

ఇప్పుడు చెప్పబోయే బోటు చెక్కది, 13 మీటర్ల పైచిలుకు ఉంటుంది, మన దగ్గర సోనా అని పిలిచే రకం. సరంగుతో (బోటు నడిపే పెద్దతో) కలిపి ఎనిమిది మంది ఎక్కుతారు. ఒకసారి వేటకి వెళ్తే పది పదిహేను రోజుల దాకా తిరిగి రారు. ముందు వీల్‌హౌస్ (చుక్కాని ఉండే గది), దాని కింద ఇంజన్ గది, వెనక చేపలు ఐస్‌లో పెట్టే హోల్డ్, అణియం (బోటు ముందు కొస) వైపు చిన్న చీకటి గది. సామానంతా ఆ చీకటి గదిలోకే పోయేది.

వేసవి నిషేధానికి ముందు జరిగిన వేటలో ఇంజన్‌ని చల్లబరిచే సముద్రపు నీటి పంపులో ఇంపెల్లర్ (తిరుగుతూ నీళ్ళు తోసే రెక్కల చక్రం) రెక్కలు తెగిపోయాయి. ఇంజన్ వేడెక్కిపోయింది. స్పేరు ఉందని అందరికీ తెలుసు, ఎక్కడుందో మాత్రం ఎవరికీ తెలీదు. అణియం గది మొత్తం వెతికారు, దొరకలేదు, చివరికి ఇంకో బోటు మోకు వేసి రేవు దాకా లాక్కొచ్చింది. డీజిలు, ఐసు, రేషన్ అన్నీ దండగ, లాక్కొచ్చిన బోటు వాళ్ళకీ వేట పోయింది. ఓనరు గారు నన్ను పిలిచి, ఈసారి అన్నీ రెండేసి కొనిపెట్టేద్దాం, ఏమేం కావాలో రాసివ్వమన్నారు. కొనేముందు బోటులో ఏమున్నాయో చూద్దామని అడిగాను. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, అంటే 61 రోజులు, మరబోట్లకి వేట నిషేధం. ఇలాంటి పనికి దొరికే సమయం అదొక్కటే, మిగతా ఏడాదంతా బోటు రేవుకొస్తే ఐసు, డీజిలు ఎక్కించి పంపేయాలనే తొందర తప్ప ఇంకో ధ్యాస ఉండదు.

జెట్టీ మీద పరిచి చూస్తే

ముందు బోటులో ఉన్నదంతా బయటికి తీయించి టార్పాలిన్ల మీద పరిపించాం. ఈ పని చేయకుండా పెట్టెలు కొనడం, స్టిక్కర్లు అంటించడం మొదలుపెట్టకండి. ఇంపెల్లర్లు మూడు బయటపడ్డాయి, పాత వల కట్ట కింద. మూడింట్లో రెండు ఎప్పుడో తీసేసిన పాత పంపువి, ఒక్కటే ఇప్పటి పంపుకి సరిపోయేది. అంటే ఒకవేళ ఆ రాత్రి చేతికి దొరికినా, తప్పుది దొరికే అవకాశమే ఎక్కువ. గ్లాండ్ ప్యాకింగ్ (ప్రొపెల్లర్ షాఫ్ట్ చుట్టూ నీళ్ళు లోపలికి రాకుండా కుక్కే తాడు) చుట్టలు రెండు సైజులు కలిసిపోయి ఉన్నాయి. డీజిల్ ఫిల్టర్ల అట్టపెట్టెలు నాని చివికిపోయి, పార్ట్ నంబరు చదవడానికి లేదు. బేరింగు ఒకటి కాగితంలోనే తుప్పు పట్టింది. వెల్డింగ్ రాడ్లు చెమ్మ పీల్చేసి పనికిరాకుండా పోయాయి. ప్రమాద సంకేతానికి కాల్చే ఫ్లేర్లు గడువు దాటిపోయాయి (మామూలుగా తయారైన నాటి నుంచి 3 ఏళ్ళు వస్తాయి, తేదీ దాని మీదే ఉంటుంది). అన్నిటికంటే నన్ను భయపెట్టింది లైఫ్ జాకెట్లు. అవి గది అడుగున, ఉల్లిపాయల బస్తాల వెనక ఉన్నాయి. బోటు మునుగుతుంటే అక్కడిదాకా ఎవరు వెళ్తారు?

ఓనరు గారి అబ్బాయి చదువుకున్న కుర్రాడు, ఓపికగా కూర్చుని అన్నిటినీ ఎక్సెల్‌లో ఎక్కించాడు. ఆ షీటు చాలా పనికొచ్చింది, ఇప్పటికీ కొనుగోళ్ళకి అదే వాడుతున్నాం. కానీ అది ఒడ్డున ఉండాల్సిన లెక్క. బోటులో పుస్తకం పెట్టి, తీసినవాళ్ళు రాయాలని రూలు పెడదామంటే సరంగు ఒకటే మాట అన్నాడు, "బాబూ, రాత్రి రెండింటికి బెల్టు తెగితే ఎవడు పుస్తకం తీస్తాడు? చేతులకి గ్రీజు, పైన కెరటం." ఆయన చెప్పింది అక్షరాలా నిజం. పైగా కళాసీల్లో (బోటు పనివాళ్ళలో) అందరికీ చదవడం రాదు, కొందరు ఒడిశా వైపు నుంచి వచ్చినవాళ్ళు, తెలుగు మాట్లాడతారు కానీ చదవలేరు. అంకెలు మాత్రం అందరికీ వచ్చు. ఓడల్లో పద్ధతి ఓడలకి నప్పుతుంది, అక్కడ రాయడానికి మనిషి ఉంటాడు. ఇక్కడ వస్తువు తీసిన మనిషి ఏమీ రాయకపోయినా లెక్క తప్పకూడదు. పనంతా ఈ ఒక్క షరతు చుట్టూనే తిరిగింది.

చోటుకి నంబరు, పెట్టెకి నంబరు

ఓడల్లో లైఫ్ బోట్లకి నంబర్లు వేసే పద్ధతి ఒకటుంది: అణియం వైపు తిరిగి నిలబడితే కుడి పక్కవి బేసి సంఖ్యలు, ఎడమ పక్కవి సరి సంఖ్యలు, ముందు నుంచి వెనక్కి. అదే ఇక్కడ వాడాం. కుడి పక్క అరలు 1, 3, 5, 7, ఎడమ పక్క 2, 4, 6, 8. కళాసీలు దీన్ని పట్టుకోవడానికి పెద్దగా చెప్పాల్సిన అవసరం రాలేదు. ఐదు అనగానే కుడి పక్క, వెనక వైపు అని కాళ్ళు వాటంతట అవే అటు వెళ్తాయి. అరలో పెట్టెలకి మళ్ళీ 1, 2, 3. కాబట్టి 5-2 అంటే ఐదో అరలో రెండో పెట్టె. ఇంజన్‌కి సంబంధించినవి ఇంజన్ గది మెట్ల పక్క అరల్లో, వలకి సంబంధించినవి (షాకిళ్ళు, వైరు క్లిప్పులు, నైలాన్ దారం, వల కుట్టే సూదులు) డెక్కు నుంచి చెయ్యి పెడితే అందే అరల్లో. అణియం గదిలో ఇక అరుదుగా వాడే బరువైనవే ఉంటాయి.

పెట్టెలు మూత బిగుసుకునే ప్లాస్టిక్‌వి, మరీ పెద్దవి కావు. పెద్ద పెట్టె కొంటే అందులో అన్నీ పడేస్తారు, మళ్ళీ మొదటికొస్తుంది కథ. నంబరు మూత మీద రాయకూడదు, పెట్టె ఒంటి మీద రాయాలి. కంగారులో రెండు పెట్టెలు తెరిస్తే మూతలు తారుమారవుతాయి, ఆ తర్వాత మూత మీది నంబరు అబద్ధం చెప్తుంది. స్టిక్కర్లు ఉప్పు నీటికి వారం నిలవవు, పెయింట్ మార్కర్‌తో రాస్తే నిలుస్తుంది. పెట్టెల కింద చెక్క బద్దలు కొట్టించాం, అడుగున నీళ్ళు చేరినా పెట్టెకి అంటకుండా. ప్రతి అరకీ ముందు అడ్డ బద్ద, బోటు వాలినప్పుడు పెట్టె జారి పడకుండా.

అట్టపెట్టెల్ని బోటు ఎక్కనివ్వకూడదని మొదట్లోనే పట్టుబట్టాను. అట్ట మడతల్లో బొద్దింకలు గుడ్లు పెడతాయి. ఇక నాని విడిపోయిన అట్ట, కాగితం ముక్కలు బిల్జిలోకి (బోటు అడుగున నీళ్ళు చేరే చోటులోకి) చేరి పంపు జల్లెడకి అడ్డం పడతాయి, నీళ్ళు తోడాల్సిన సమయానికి పంపు లాగదు. ఫిల్టరు కొనగానే అట్టపెట్టె మీది పార్ట్ నంబరు ముక్కని కత్తిరించి, ఫిల్టరుతో పాటే జిప్ కవర్లో పెట్టేస్తాం. మిగతా అట్ట జెట్టీ మీదే ఉండిపోతుంది.

ఏ వస్తువుని ఎలా పెట్టాలన్నది కూడా సర్దడంలో భాగమే. బెల్టుని సన్నటి మేకుకి తగిలిస్తే ఆ వంపు దగ్గరే పగులు మొదలవుతుంది, లావుపాటి చెక్క గుంజకి తగిలించాలి. బెల్టు మీద అచ్చు చెరిగిపోతుంది కాబట్టి నంబరు వేరే రాసుకోవాలి, ఉదాహరణకి బి-52 అంటే బి రకం, లోపలి చుట్టుకొలత 52 అంగుళాలు. ఆయిల్ సీలైతే లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం, మూడూ రాయాలి, 45-62-8 అని మిల్లీమీటర్లలో, అప్పుడే షాపులో ముక్క చూపించకుండా అడగగలరు. రబ్బరు వస్తువులన్నీ ఇంజన్ వేడికి దూరంగా. ఇంజెక్టరుకి మూతి మూత తీయకుండా, నూనె పూసి, కవర్లో. బేరింగుకి గ్రీజు కాగితం, దానిపైన రెండు కవర్లు.

బిళ్ళలు

ఇంజన్ ఆయిలు ఖాళీ డబ్బాల్ని చిన్న బిళ్ళలుగా కత్తిరించి, చిల్లు పొడిచి, నైలాన్ దారంతో ఒక్కో వస్తువుకి ఒక్కో బిళ్ళ కట్టాం. బిళ్ళ మీద వస్తువు పేరు, సైజు, దాని చోటు నంబరు. కొన్నిటి మీద బొమ్మ కూడా గీశాం. వీల్‌హౌస్‌లో చుక్కాని పక్కన ఒక చెక్క పలక, దానికి వరసగా కొక్కేలు. వస్తువు వాడినప్పుడు బిళ్ళ తెంపి కొక్కేనికి తగిలించాలి. అంతే, రాసే పని లేదు. బోటు రేవుకి రాగానే కొక్కెం మీది బిళ్ళలన్నీ తీసుకుని షాపుకి వెళ్తారు, కొన్న కొత్త వస్తువుకి అదే బిళ్ళ కట్టి, బిళ్ళ మీదున్న నంబరు అరలో పెడతారు. కొనాల్సిన జాబితా దానంతటదే తయారవుతుంది, పెట్టాల్సిన చోటూ దాని మీదే ఉంటుంది. పనయ్యాక తగిలిద్దాంలే అని ఎవరైనా జేబులో వేసుకున్నా పెద్ద నష్టం లేదు, సాయంత్రం టీ వేళకి సరంగు పలక దగ్గర నిలబడి ఈ రోజు ఏం వాడారని అడగడం అలవాటు చేసుకున్నాడు.

వీటిలో కొన్నిటికి ఎర్ర రంగు వేశాం: డీజిల్ ఫిల్టర్లు, ఇంపెల్లర్, ఇంజన్ బెల్టు, గ్లాండ్ ప్యాకింగ్, హోస్ క్లిప్పులు, బిల్జి పంపు రబ్బర్లు, నావిగేషన్ లైట్ల ఫ్యూజులు. ఎర్ర బిళ్ళ కొక్కెం మీద ఉండగా బోటు రేవు దాటకూడదు. ఈ మాట ఓనరు గారి చేత సరంగుకి చెప్పించాం, ఎందుకంటే వేట తొందరలో ఓనర్లే కదా, ఈసారికి వెళ్ళిపోండి అనేది. ఇప్పుడాయన ఆ మాట అనరు.

కొన్ని వస్తువుల్ని అసలు స్టోరులోనే పెట్టకూడదు. బోటు అడుగున నీళ్ళు లోపలికి తీసుకునే ప్రతి వాల్వు పక్కనా, దాని సైజుకి చెక్కిన మెత్తటి చెక్క బిరడా ఒకటి దారంతో కట్టి ఉంచాం. వాల్వు ఊడితే బిరడా వెతుక్కునే సమయం ఉండదు. లైఫ్ జాకెట్లు వీల్‌హౌస్ వెనక గోడకి, విప్పగానే ఊడొచ్చే ముడితో. మంటలార్పే సిలిండరు ఇంజన్ గదిలో ఉండేది, దాన్ని బయటికి, తలుపు పక్కకి మార్చాం, మంట లోపల లేస్తే లోపలికి వెళ్ళి సిలిండరు తెచ్చుకోలేరు కదా. మందుల పెట్టె సరంగు మంచం తల దగ్గర. ఫ్లేర్ల గడువు తేదీ మందుల పెట్టె మూత లోపలి వైపు రాసి ఉంటుంది, మందుల తేదీలతో పాటే.

వంట గ్యాస్ గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. ఆ సిలిండరు అణియం గదిలో, మూత కింద ఉండేది. గ్యాస్ గాలికంటే బరువు, లీకైతే పైకి పోదు, బోటు అడుగుకి దిగి అక్కడే నిలబడుతుంది, స్టార్టరు నుంచి ఒక్క నిప్పురవ్వ చాలు. 2023 నవంబర్ 19 రాత్రి మన హార్బర్‌లోనే మంటలు లేచి 40 దాకా బోట్లు కాలిపోయిన సంగతి ఇక్కడెవరూ మర్చిపోలేదు, బోట్లలో ఉన్న డీజిలు, సిలిండర్లు ఆ మంటని ఎంత పెంచాయో ఆ రాత్రి చూసినవాళ్ళని అడగండి. సిలిండర్లని డెక్కు మీద గాలి ఆడే చోట, నిలబెట్టి, గొలుసుతో కట్టించాం. వాటి చోటుకి కూడా నంబరు ఉంది. ఆ నంబరులో ఇంకేదీ పెట్టకూడదు, పైన వల ఆరేయకూడదు.

బరువుల విషయం సరంగుకి నాకంటే బాగా తెలుసు, నేను చేసిందల్లా లెక్క కట్టి చూపించడమే. 3,000 లీటర్ల డీజిలంటే సుమారు రెండున్నర టన్నులు. డెక్కు మీద పీపాల్లో ఉన్న డీజిలు ముందు వాడేయాలి, అడుగు ట్యాంకుది తర్వాత, అప్పుడే బరువు కిందికి ఉండి బోటు నిలకడగా ఉంటుంది. మంచినీళ్ళ పీపాలు కూడా కుడి ఒకటి, ఎడమ ఒకటి వాడుకుంటూ పోవాలి.

రేషన్ తొందరగానే తేలిపోయింది. బియ్యం, పప్పు మూత డ్రమ్ముల్లో, ఉల్లిపాయలు గాలి తగిలేలా వల సంచిలో, బంగాళాదుంపలు వాటికి దూరంగా, అగ్గిపెట్టెలు బిగుతు డబ్బాలో. వంట చేసే కళాసీ ఇవన్నీ ముందునుంచే పాటిస్తున్నాడు, అతని మూల ఒక్కటే బోటు మొత్తంలో సరిగ్గా ఉన్నది.

అడగకుండానే కలిసొచ్చింది హోల్డ్ విషయం. బిళ్ళలు అలవాటయ్యాక సరంగు తనంతట తానే హోల్డ్‌లో అడ్డపలకల మధ్య అరలకీ బిళ్ళలు కట్టించాడు, వేటలో ఎన్నో రోజు పట్టిన చేప ఆ అరలో ఉందో అంకె వేసి. దానివల్ల ఏ అరలో ముందు ఐసు మార్చాలో వెతుక్కోనక్కర్లేదు, పాత చేప ఉన్న అరకే ముందు వెళ్తారు. జెట్టీ దగ్గర దించేటప్పుడు కూడా పాతదీ కొత్తదీ కలిసిపోవడం లేదు, రొయ్య కొనేవాళ్ళు మొదట చూసేది అదే.

సముద్రంలో ఎలా పనిచేసింది

నిషేధం ఎత్తేశాక జరిగిన ఒక వేటలో డీజిల్‌లో నీళ్ళు కలిసి ఫిల్టరు మూసుకుపోయింది. రాత్రి, వల నీళ్ళలో ఉంది, ఇంజన్ దగ్గుతోంది. ఇంజన్ చూసే అతను కింద ఉండి డీజిలు కాకు (కుళాయి) కట్టేసి పాత ఫిల్టరు విప్పుతూ "ఐదు-రెండు" అని అరిచాడు. అప్పుడు పైనున్నది శ్రీకాకుళం వైపు నుంచి కొత్తగా చేరిన కుర్రాడు, ఆ బోటు ఎక్కడం అదే మొదటిసారి. కుడి పక్క ఐదో అర తీశాడు, రెండో పెట్టె తెరిచాడు, ఎర్ర బిళ్ళ కట్టి ఉన్న కవరు కిందికి అందించాడు. కొత్తది బిగించి, చేతి పంపు కొట్టి, బ్లీడ్ స్క్రూ (గాలి బయటికి వదిలే మర) దగ్గర బుడగలు పోయి డీజిలు ధారగా వచ్చేదాకా ఆగి, స్టార్ట్ చేశారు. వల తెంపుకోవాల్సిన పని రాలేదు, వెనక్కీ రాలేదు. రేవుకొచ్చినప్పుడు ఆ బిళ్ళ కొక్కెం మీదే ఉందని ఓనరు గారు నాకు ఫోన్ చేసి మరీ చెప్పారు.

ఖర్చు ఎంతయిందని చాలామంది అడుగుతారు. పెట్టెలు, పెయింట్ మార్కర్లు, కొంచెం చెక్క, వడ్రంగి కూలి. రెండేసి స్పేర్లు కొనాలనుకున్న జాబితాలో చాలా వరకు కొనకుండానే గడిచిపోయింది, బోటులోనే దొరికాయి కాబట్టి.

ఇంకా తేలని సమస్య చేబదుళ్ళది. రేవులో పక్క బోటువాళ్ళు వచ్చి అన్నా ఒక షాకిల్, ఒక బెల్టు అంటే ఇవ్వకుండా ఎలా ఉంటాం, రేపు మనకీ వాళ్ళే దిక్కు. కానీ అలా పోయిన వస్తువు బిళ్ళ కొక్కెం మీదికి రావడం లేదు, వాడలేదు కదా అనుకుంటున్నారు. ప్రస్తుతానికి పలక చివర ఇంకో కొక్కెం కొట్టి, దానికి నీలం రంగు వేశాం, అరువిచ్చినవాటి బిళ్ళలు అక్కడ తగిలించి, తీసుకున్న బోటు నంబరు పలక మీద సుద్దతో రాయాలని. ఎర్ర బిళ్ళ వస్తువు మాత్రం వేటకి వెళ్ళే రోజున ఎవరికీ ఇవ్వరు, అడిగినవాళ్ళు కూడా ఆ రంగు చూసి ఇప్పుడు అడగడం మానేశారు. సుద్దతో రాయడం మాత్రం ఇంకా పట్టుబడలేదు, ఎందుకంటే మళ్ళీ అది రాసే పనే. పక్క బోటువాళ్ళే ఏదో ఒక వస్తువు, చివరికి వాళ్ళ రెంచీ అయినా సరే, మన కొక్కేనికి తగిలించి మరీ తీసుకెళ్ళేలా చేద్దామని సరంగు అంటున్నాడు. వచ్చే వేట నుంచి అది మొదలుపెడుతున్నాం.